పాట ఆగిన చోట

“అమ్మా, కొంచెం పక్కకి జరుగుతారా? ఫ్రేములో పడుతున్నారు.”

త్రిపుర విసుగు దాచుకోలేదు. పొద్దున్నుంచీ ఎవరో ఒకరు కెమెరాకి అడ్డం వస్తూనే ఉన్నారు.

ఆవిడ ఏమీ అనుకోకుండా పక్కకి జరిగింది. యాభై దాటిన మనిషి, చేతిలో గుడ్డసంచి. మిల్లు వాచ్‌మన్ నాగూర్ వలి ఇంట్లోంచి వచ్చింది. నల్లపాడులో రైలెక్కాలట. ఇంకా టైముందని నిలబడింది.

“ఏం తీస్తన్నారమ్మా?”

“పాటండి. యూనివర్సిటీ పోటీకి. ఈ మిల్లు కాలిపోయినప్పటి పాట.”

ఆవిడ మూతపడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు వైపు ఒకసారి తిరిగి చూసింది.

ఆ పాటని త్రిపుర చిన్నప్పుడు తిరునాళ్ళలో వింది. పత్తి అంటుకున్న రోజు, లోపల చిక్కుకున్న కూలోళ్ళ పిల్లల్ని మోసుకొచ్చి మోసుకొచ్చి, చివరికి తను మంటల్లోనే ఉండిపోయిన ఆడమనిషి కథ. పాటలో ఆమెకి పేరు లేదు. అప్పట్నుంచీ ఆ పాట త్రిపురని వదల్లేదు.

ఆ ఏడాది, అంటే ఎనభై ఏడులో, పోటీల్లో మొదటిసారి వీడియో పాట కూడా పెట్టారు. తను తీస్తానంటే క్లాసులో మగపిల్లలు నవ్వారు.

“పాట తియ్యటమంటే ముగ్గెయ్యటం కాదు త్రిపురా!”

ఆ నవ్వుకి జవాబుగా ఆమె వారాల తరబడి కూచుని, ఏ చరణానికి ఏ బొమ్మ, ఏ మాట దగ్గర ఏ మొహం అని పెద్ద చార్టు మీద గీసుకుంది. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే జాన్ బాషాని బతిమాలి కెమెరాతో సహా పట్టుకొచ్చింది. సాయంత్రం బ్రాడీపేటలో పెళ్ళుంది, అతను ఆలోపు పోవాలి.

ఇంక మిగిలింది ఆఖరి షాటు. మాటలయిపోయాక కాసేపు ఒట్టి హార్మోనియం మోగుతుంది. అక్కడ దండ వేసిన ఫొటో, ముందు దీపం.

హీరోయిన్‌గా వేస్తున్న బాలసరస్వతి ఫొటోకి దండ వేస్తుంటే చూసి, ఆవిడ అడిగింది.

“చచ్చిపోద్దా?”

“పాటలో అంతేగదండి.”

“పాట కట్టినాయన పొగ చూసి ఎళ్ళిపోయుంటాడు.” ఆవిడ నవ్వింది. “బతికితే పాట చెడిపోద్దా అమ్మా?”

“చచ్చిపోతేనే గదండీ జనం ఏడ్చేది!” అన్నాడు జాన్ బాషా.

“ఏడిస్తే?”

దూరంగా రైలు కూత వినిపించింది. ఆవిడ సంచి చంకన పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. త్రిపుర ఆవిడ పేరైనా అడగలేదు.

కానీ ఆ ప్రశ్న వెళ్ళలేదు.

త్రిపుర చార్టు ముందు వేసుకుని గట్టు మీద కూలబడింది. పాట మొదట్నుంచీ చూసుకుంది. పరిగెత్తింది, ఎత్తుకుంది, మోసింది, మళ్ళీ లోపలికెళ్ళింది. పాటంతా ఆమె చేసిన పనులే. ఇన్ని పనులు చేసిన మనిషిని తీసుకెళ్ళి ఆఖర్న గోడకి తగిలిస్తున్నానా? అయినా పాట చెప్పిందే బొమ్మా చెబితే, ఇంక బొమ్మ దేనికి?

లేచి నిలబడింది.

“ఫొటో తీసెయ్యండి. బాషా గారూ, ఇంకో షాటు.”

“పెళ్ళికి టైమవుతోందమ్మా!”

“ఒక్కటే. పిల్లాణ్ణి భుజానేసుకుని మంటల్లోంచి నడిచి రావాలి.”

“చచ్చిపోయిందిగా పాటలో?”

“పాటలో చచ్చిపోనీండి. మనం బతికిద్దాం.”

పత్తికట్టె మంట వేసి, పైన తడిగోతాలు కప్పారు. నల్లటి పొగ లేచింది. అందులోంచి బాలసరస్వతి దగ్గుకుంటూ వచ్చింది. భుజం మీది పిల్లాణ్ణి దించింది. కొంగుతో వాడి మొహం తుడిచి, తర్వాత తన మొహం తుడుచుకుంది.

జాన్ బాషా కెమెరా దించి, పెళ్ళి సంగతే మర్చిపోయి అలా నిలబడిపోయాడు.

పోటీ రోజు హాలు కిక్కిరిసింది. తెర మీద గొంతు “అగ్గిలో కలిసెనమ్మా” అని ముగిసింది. హార్మోనియం మొదలైంది. ఎక్కడో ఒకరు ముక్కు ఎగబీల్చారు. అప్పుడు పొగ కదిలింది. మనిషి బయటికొచ్చింది.

ముందు ఈల వేసింది ఆ నవ్విన మగపిల్లలే.

చప్పట్లు ఆగాక జడ్జి ఒకాయన మైకు అందుకున్నాడు. “పాటలో చనిపోయిన మనిషిని మీరు బతికించారు. అది తప్పు కాదా అమ్మాయ్?”

త్రిపుర ముందుకి నడిచింది.

“పాట మంట దగ్గర ఆగిపోయిందండి. ఆమె అక్కడే ఆగిందని నాకు అనిపించలేదు.”

మొదటి బహుమతి త్రిపురకే వచ్చింది. షీల్డు రిక్షాలో పెట్టుకుని ఆడపిల్లలంతా బ్రాడీపేట వీధులన్నీ అరుచుకుంటూ తిరిగారు.

మర్నాడు త్రిపుర మిఠాయి పొట్లంతో మిల్లుకెళ్ళింది. నాగూర్ వలి పసిబిడ్డని ఎత్తుకుని గేటు తీశాడు.

“ఆవేళ రైలుకెళ్ళినావిడకీ ఇవ్వాలి. ఆ మాట అడగకపోతే నాకీ బహుమతే లేదు. మీ చుట్టమా?”

“హనుమాయమ్మ. చుట్టం కాదమ్మా, అంతకన్నా ఎక్కువ. మావాడు పుట్టాడని చూట్టానికొచ్చింది. చీమకుర్తి అవతల ఉంటది.”

“పాటలో మనిషి బతకాలని ఆవిడకెందుకంత పట్టుదల?”

నాగూర్ వలి గొంతు తగ్గించాడు.

“రైలెక్కించటానికి ఎనకే ఎళ్ళా. మీకు చెప్పొద్దంది. చెబితే ఆ పిల్ల మొహమాటపడిద్ది, పాట తన ఇష్టప్రకారం తియ్యలేకపోద్దంది.”

“ఏం చెప్పొద్దంది?”

అతను బిడ్డని భుజానికెత్తుకుని మిల్లు వైపు చూశాడు.

“ఆ మంటల్లోంచి ఆఖర్న ఆవిడ భుజమ్మీద బయటికొచ్చిన పిల్లోణ్ణి నేనేనమ్మా.”