ఈరప్పకొట్టాలకు కారు

"కొయ్ ఓబిలేషూ. చూస్తా నిలబడితే దానంతటదే తెగదు."

ఇంజనీరు శశికుమార్ రెండోసారి చెప్పినా ఓబిలేష్ చేతిలోని గ్రైండరు కదల్లేదు. ముదిగుబ్బలో కదిరి రోడ్డు పక్కన అతని మెకానిక్ షెడ్డు. షెడ్డులో ఆ కారు. ఎప్పుడో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పాలమీగడ రంగు. సర్కారు కొలువులో ఉండగానే సారు దాన్ని తెచ్చుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా దాని మీద ఓబిలేష్ చెయ్యి తప్ప ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు. ఒక్క సొట్ట లేదు. తుప్పు చుక్క లేదు. బోల్టులు కూడా పుట్టినప్పటివే.

"సార్, ఒగసారి కోస్తే మళ్ళా అతికేది గాదు ఇది. దీన్ని చూడనీకే బెంగుళూరు నుంచి వస్తారు జనం. మీరేమో గుట్టలెక్కే బండి చెయ్యమంటాండారు. రిటైరైనాక పందేలకు పోతారా ఏంది?"

"బెత్తెడు ఎత్తులో ఉంది. జానెడు లేపాలి. మడ్గార్డులు కోసి జీపు టైర్లు వెయ్యి. ఇంజను కింద మందపాటి ఇనుప రేకు. పక్క సీటు పీకేసి, డిక్కీ దాకా కోసి, మనిషి పడుకునేంత పలక వెయ్యి."

"పలకా? ఎవురు పండుకునేది?"

"ఈరప్పకొట్టాలలో ఎవరికి అవసరమైతే వాళ్ళు."

ఓబిలేష్ గ్రైండరు కింద పెట్టేశాడు.

ఈరప్పకొట్టాల అతని భార్య తిరుపాలమ్మ పుట్టిన ఊరు. నిరుడు కాన్పుకని పుట్టింటికి పోయింది. పొద్దున ఏడింటికి నొప్పులు మొదలైతే అంబులెన్సు వచ్చింది గానీ తారు రోడ్డు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్ల రాళ్ళదారి, మధ్యలో దాటాల్సిన మూడు ఇసుక వంకలు. నలుగురు ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. రెండో వంకలో మంచం దించారు. మళ్ళీ ఆస్పత్రి దిక్కు ఎత్తే పని లేకపోయింది. బిడ్డా దక్కలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఊరికి రోడ్డు వస్తుందని కొలతలు వేసుకుపోయారు. ఆ తర్వాత ఒక్కడూ రాలేదు. ఎలక్షన్లప్పుడు మాత్రం ఓట్ల మిషన్ను నెత్తిన పెట్టుకునైనా మోసుకుపోతారు. ఎవడికీ సిగ్గుండదు.

కారు సర్వీసు ఎందుకు ఆలస్యమైందని సారు అడిగిన రోజు ఓబిలేష్ ఇదంతా చెప్పాడు. సారు ఒక్క మాటే అడిగాడు, "ఏ ఊరు?" అని. ఆ రోజు నుంచి కారు మీద కప్పిన గుడ్డ తీయలేదు.

"మీ మనసు పెద్దది సార్," అన్నాడు ఓబిలేష్. "కానీ ఇది మతిలేని పని. దీన్ని అమ్మితే వచ్చే దుడ్లకు కొత్త జీపులు రెండొస్తాయి."

"దీన్ని అమ్మే హక్కు నాకు లేదు."

"కాగితాలు మీ పేరు మీదే గదా ఉండేది?"

"కాగితాల్లో చాలా ఉంటాయిలే."

ఇంట్లో పెళ్ళామో బిడ్డలో అడ్డం పడుతుంటారు అనుకున్నాడు ఓబిలేష్.

"అయినా, కొనేవాడు దొరికేదెప్పుడు, జీపులొచ్చేదెప్పుడు?" అన్నాడు సారు. "మీ మరదలికి ఎన్నో నెల?"

తిరుపాలమ్మ చెల్లెలు అరుణజ్యోతి. ఆమె ఉండేదీ ఆ ఊళ్ళోనే.

"ఎనిమిది నిండినాయి."

"మరి కొయ్."

గ్రైండరు మోగింది. నిప్పురవ్వలు పాలమీగడ రంగు మీద పడి నల్లటి మచ్చలు చేశాయి. ఓబిలేష్ భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. సారు మొహంలో ఏమీ కదల్లేదు.

పదకొండు రోజులు పట్టింది. లేడికి ఎద్దు కాళ్ళు అతికించినట్టు తయారైంది కారు.

పన్నెండో రోజు పొద్దున ఓబిలేష్ నడిపాడు. సారు వెనక పలక మీద కూర్చున్నాడు. తారు రోడ్డు దిగగానే రాళ్ళు మొదలయ్యాయి. వానల్లేక ఎండిన శనక్కాయ చేలల్లో గొర్రెల్ని తోలారు. కొత్త రేకు కింద రాళ్ళు గీసుకుంటున్నాయి గానీ బండి ఎక్కడా తగులుకోలేదు. రెండో వంకలో ఓబిలేష్ తనకు తెలియకుండానే బ్రేకు తొక్కాడు.

"ఇక్కడేనా?" అన్నాడు సారు.

"ఈడే సార్."

సారు చెప్పులు విడిచి ఇసుకలోకి దిగాడు. చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ వచ్చి పలక మీద కూర్చున్నాడే గానీ చెప్పులు వేసుకోలేదు.

ఊళ్ళో బండి చప్పుడుకి జనం పోగయ్యారు. అత్త ఓబమ్మ ముందుకొచ్చింది, పక్కన నిండు కడుపుతో అరుణజ్యోతి.

"ఏమప్పా అల్లుడా, ఈ గుట్టల్లోకి కారు ఎట్లొచ్చె?"

"సారుది అత్తా. పానంగా చూసుకున్న కారు. మన ఊరికి రాసిచ్చేసినాడు. ఇంగ మంచం మోసే పని లేదు."

ఓబమ్మ పలక మీద చెయ్యి పెట్టింది. తల నుంచి కాళ్ళ దాకా ఎంత పొడవుందో చేత్తో తడిమి చూసింది.

"నా పెద్దబిడ్డ పట్టేది దీంట్లో," అంది.

ఆమె వచ్చి సారు కాళ్ళ మీదికి వంగింది. సారు గబుక్కున వెనక్కి జరిగి ఆమె చేతులు పట్టుకున్నాడు.

"మొక్కొద్దు."

"మొక్కకుంటే ఎట్లా సామీ? నువ్వెవురో, మేమెవురమో. ఈ ఊరి మొహం కూడా ఎప్పుడూ చూసినోడివి గాదు. ఇంత కారు మాకేల ఇస్తాండావు?"

సారు ఆమె చేతులు వదిలేశాడు.

"మీ రోడ్డును మింగి కొన్నదమ్మా ఈ కారు."