నట్టు లేని బోల్టు

షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కారు లేదు. నేల మీద ఇంజనాయిలు మరక ఒక్కటే మిగిలింది.

ప్రెస్సులో పని ముగించుకుని బస్సు దిగి వచ్చిన బోల్టు, చేతిలో క్యారియరుతో అలాగే నిలబడిపోయాడు.

"కారేదీ?" అని అరిచాడు.

భార్య గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "మధ్యాహ్నం నేను ఇంట్లో లేనండీ" అంది.

బోల్టు అతని అసలు పేరు కాదు. పాత కార్ల పిచ్చివాళ్లంతా చేరిన ఆన్‌లైన్ గ్రూపులో పెట్టుకున్న పేరు. నట్టు పరిచయమైంది అందులోనే. అదే ఊళ్లో స్కూలు వ్యాను తోలేవాడు. నలభై ఏళ్ల నాటి ఆ కారుని బోల్టు తుక్కు కొట్టు నుంచి తెచ్చుకున్న రోజు నుంచీ, కార్బ్యురేటర్ కడగడం దగ్గర్నుంచి క్లచ్చు ప్లేటు మార్చడం దాకా ఓపిగ్గా నేర్పింది నట్టే.

"బోల్టూ, నీ బండి పొగకి మా వీధి దోమలన్నీ ఇళ్లు ఖాళీ చేశాయి" అని నట్టు రాసేవాడు.

"నీ వ్యానుకు ఇక్కడ బ్రేకేస్తే పక్క వీధిలో ఆగుతుందట కదా!" అని బోల్టు తిప్పికొట్టేవాడు.

గ్రూపంతా పడీపడీ నవ్వేది. మూడేళ్లలో ఇద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేంత దగ్గరయ్యారు. నట్టు రెండుసార్లు ఇంటికొచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి డ్రైవరు సీటు కింద దొంగ స్విచ్ ఒకటి బిగించారు. అది నొక్కకపోతే తాళం ఎంత తిప్పినా ఇంజను ఉలకదు, పలకదు.

"మూడో కంటికి తెలియకూడదురోయ్" అన్నాడు బోల్టు ఆ రోజు, భార్య తెచ్చిచ్చిన టీ అందుకుంటూ.

ఇప్పుడు ఆ మాటే గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. కారు కదిలిందంటే స్విచ్ సంగతి తెలిసినవాడే కదిలించాలి. అంతలో ఇంకోటి తట్టింది. కిందటి నెల బోల్టుకి స్టీరింగు ముందు కళ్లు తిరిగి, కారు వెళ్లి ఎదురింటి గేటుకి గుద్దుకుంది. సొట్ట ఫోటో గ్రూపులో పెడితే, గేటుకే కళ్లు లేవని అందరూ ఆటపట్టించారు. నట్టు మాత్రం విడిగా మెసేజి పెట్టాడు.

"ఇది రెండోసారి బోల్టూ. డాక్టరుకు చూపించుకో. అప్పటిదాకా కారు నా దగ్గర పెట్టు. నువ్వు తోలకు."

'నా దగ్గర పెట్టు' అన్నాడు. అంటే అప్పటికే కన్నేశాడన్నమాట!

బోల్టు ఆ మెసేజిని ఫోటో తీసి గ్రూపులో పడేశాడు. కింద రాశాడు: "అన్నం పెట్టిన ఇంటికే కన్నం వేశాడు. వీడా మనిషి?" గంటలో నట్టుని గ్రూపు నుంచి గెంటేశారు. మర్నాడు బోల్టు పోలీసు స్టేషనుకు బయల్దేరాడు.

భార్య అడ్డం వచ్చింది. "ఆ మనిషి జోలికి వెళ్లకండి. నేనొక మాట చెప్పాలి..."

"కార్ల సంగతి నీకేం తెలుసు? తప్పుకో!"

తప్పుకుంది.

నట్టుని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి, ఏమీ దొరక్క వదిలేశారు. ఆ రెండు రోజులూ బోల్టు భార్య ముద్ద ముట్టలేదు. పోలీసులు తీసుకెళ్లిన మనిషి చేతికి పిల్లల్ని ఎలా అప్పగిస్తామని స్కూలువాళ్లు నట్టు ఉద్యోగం తీసేశారు.

నట్టు దగ్గర్నుంచి ఒక్క మెసేజి వచ్చింది. "కారు నేను తియ్యలేదు బోల్టూ. నమ్మకపోతే మానెయ్. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లు."

బోల్టు ఆ నంబరుని బ్లాక్ చేసి పారేశాడు. మనసు మాత్రం కుదుటపడలేదు. గ్రూపులో ఎవరి జోకుకీ నవ్వు వచ్చేది కాదు. సొంత తమ్ముడు మోసం చేసినా ఇంత బాధ ఉండేది కాదని భార్యతో పదే పదే అనేవాడు. ఆవిడ తల దించుకుని వినేది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం గ్రూపులో కొత్త సభ్యుడొకడు పాత కారు ఫోటో పెట్టాడు. మెకానిక్కు పని నేర్పే శిక్షణ కేంద్రంలో మాస్టారట. "ఈ మోడల్ కార్బ్యురేటర్‌కి జెట్టు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి" అని అడిగాడు.

బోల్టు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అదే రంగు. అదే నంబరు. వెంటనే ఆ మాస్టారికి ఫోన్ కలిపాడు.

"ఇలా రా! దొంగ దొరికాడు. నువ్వు వెనకేసుకొచ్చిన ఆ పెద్దమనిషి బండారం నీ చెవులతో నువ్వే విను" అని భార్యని కేకేసి, స్పీకరు పెట్టాడు.

ఆవిడ వచ్చి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"మాస్టారూ, ఆ కారు మీకెవరిచ్చారు? పొడుగ్గా, బక్కపల్చగా ఉంటాడు, స్కూలు వ్యాను డ్రైవరు... వాడేనా?"

"డ్రైవరెవరూ కాదు సార్, ఎవరో మేడమ్, తనే నడుపుకుంటూ వచ్చారు, 'మా ఆయన స్పృహ తప్పి పడిపోతున్నా దీన్ని వదలడం లేదు, మీ పిల్లలు విప్పుకుని నేర్చుకోండి కానీ మళ్లీ రోడ్డెక్కించకండి' అని ఏడ్చి, సీటు కింద స్విచ్ ఎక్కడుందో కూడా చూపించి వెళ్లిపోయారు."