లేని కొండ

“ఏ కొండే ఇది?” లాప్‌టాప్ తెరను వేలితో పొడుస్తూ అడిగాడు ఎస్సై సన్యాసిరావు.

“ఏ కొండా కాదు సార్. బొమ్మ,” అంది మెర్లిన్.

“బొమ్మయితే మరి ఈ ఎర్ర మచ్చలేటి, ఈ పచ్చ మచ్చలేటి? డ్రోనుతో పైనించి తీసినట్టుంది. గంజాయి ఎక్కడెక్కడుందో మ్యాపు పట్టుకుని తిరుగుతున్నావా?”

ముంచింగిపుట్టు నుంచి అరకు వెళ్లే బస్సును చెక్‌పోస్టు దగ్గర ఆపి అరగంటయింది. దానికి ముందొచ్చిన ఆరు టూరిస్టు కార్లకు చెయ్యి ఊపి దారిచ్చారు. వాటి డిక్కీల జోలికి ఎవరూ పోలేదు. బస్సులోని కొండవాళ్ల సంచులు మాత్రం ఒక్కటీ వదలకుండా దులిపారు. ఒక ముసలమ్మ తెచ్చుకున్న చోడిపిండిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కెలికారు. ఆ చేత్తోనే మెర్లిన్‌ను బస్సు దింపి, చెక్‌పోస్టు గదిలో లాప్‌టాప్ తెరిపించారు.

సాయంత్రం నాలుగులోగా అరకు చేరి బొమ్మలు ఇవ్వకపోతే ప్రదర్శనలో ఆమె చోటు ఇంకొకరికి పోతుంది. రెండు నెలలు కూర్చుని రాసిన కోడ్ అది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“కొండపిల్ల దగ్గర నాలుగు రంగులుంటే గంజాయే అవ్వాలా సార్? ఇది కంప్యూటర్ గీసింది.”

“దానికదే గీసీసిందా?”

“నేను రాస్తే గీసింది. తెర మీద చుక్కచుక్కకీ ఒక అంకె వస్తాది. పక్క చుక్క అంకె దానికి దగ్గరగానే ఉంటాది. అందుకే కొండలాగ ఎక్కుతాది, లోయలాగ దిగుతాది. అంకెని బట్టి రంగు. దీన్ని నాయిస్ అంటారు.”

కానిస్టేబుల్ ఫల్గుణ వంగి లాప్‌టాప్‌కు చెవి ఆనించాడు. “సప్పుడేటీ రాటం లేదు సార్.”

ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి మెర్లిన్‌కు. “బేగి సూడండి. నా బస్సు పోతాది,” అని మీట నొక్కింది. కొండ మాయమై ఊదారంగు కొండ వచ్చింది. మళ్లీ నొక్కింది. నారింజరంగు లోయ, మధ్యలో వంకర తిరిగిన నీలపు వాగు, ఒడ్డున ఎర్ర మచ్చ.

“నొక్కినన్నిసార్లు కొత్తది వస్తాది. ఇన్ని కొండలు మన ఏజెన్సీలో ఉన్నాయా?”

ఫల్గుణ నవ్వేశాడు. “ఒదిలీండి సార్. గుంటపిల్ల నిజమే సెప్తంది.”

బస్సు హారన్ మోగింది. మెర్లిన్ లాప్‌టాప్ మూయబోతే ఎస్సై చెయ్యి అడ్డం పెట్టాడు. అతని చూపు తెర మీదే ఉంది.

“ఫల్గుణా, నువ్వెళ్లి ఆ బస్సుని పంపించీ.”

ఫల్గుణ తల గోక్కుంటూ వెళ్లాడు. కాసేపటికి బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. ఇక మెర్లిన్ నోటికి అడ్డు లేకపోయింది.

“మీ ఇంటి పిల్లనయితే ఇలాగే దింపేత్తురా సార్? సరే, కేసు రాయండి. ఆ కొండ పేరేటో, ఏ ఊరి పక్కనుందో కూడా రాయండి. రేపు జడ్జిగారిని తీసుకెళ్లి అక్కడే నిలబెట్టి సూపిద్దురుగాని. నేనూ వస్తాను. పేపరోళ్లనీ తీసుకొస్తాను.”

ఎస్సై నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు. ఫల్గుణ ఇంకా రోడ్డు మీదే ఉన్నాడని చూసుకుని, కుర్చీ ఆమె దగ్గరకు లాక్కున్నాడు. వాగు ఒడ్డున ఉన్న ఎర్ర మచ్చ మీద వేలు పెట్టాడు.

“నీకు దణ్ణం పెడతానమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇక్కడ నేను గంజాయి ఏయించిన సంగతి నీకెవలు సెప్పారు?”