సంగటి ముద్ద మహిమ

"సూదీ వద్దు గీదీ వద్దు! మా మనవడి నెత్తురే సాక్ష్యం!" అని ఏకాంబరం అరుగు మీద కూర్చుని మీసం దువ్వినాడు.

పిల్లలకొచ్చే తట్టు జబ్బు మీద దేశదేశాల్లో జరిగే పరిశోధనంట. అందుకోసం తిరుపతి నుంచి డాక్టర్ ప్రతాప్ ఆ పల్లెకు వచ్చి, పోయిన వారం బిడ్డల నెత్తురు తీసుకుపోయినాడు. ఈ పొద్దు ఫలితాలతో, టీకాల నర్సుతో దిగినాడు. పక్క ఊర్లో అప్పటికే బిడ్డలు తట్టు పోసి చిత్తూరు ఆసుపత్రిలో పడుండారు. అయినా ఏకాంబరం మాట దాటి సూదికి జబ్బ చాపిన బిడ్డ ఈ ఊర్లో లేదు.

"మీ మనవడి రక్తంలో తట్టును ఎదిరించే శక్తి నిండుగా ఉన్న మాట నిజమేనండీ. వాడికి తట్టు వచ్చి పోయిందా? టీకా వేయించారా?" అన్నాడు డాక్టరు.

"రెండూ లేదప్పా! రాగిసంగటి! మా తాత సంగటి తిని ఈడ తుమ్మితే ఆడ తడ ఊర్లో మామిడికాయలు రాలేటివి!"

ఊరంతా నవ్వింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. పెన్ను తీసి, "ముద్ద ఎంత లావుండేదండీ?" అన్నాడు.

పక్కింటి మునెమ్మ చంకలో బిడ్డను సర్దుకునింది. "అంత సదువుకున్నాయనే సంగటిని రాసుకుంటుండాడు. ఇంక మనకు సూదెందుకు? ఇండ్లకు పాండమ్మా!"

తల్లులంతా ఆమె వెనకే కదిలినారు.

ఏకాంబరం కోడలు కోమలి వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తా ఉండింది. మునెమ్మ బిడ్డా తన బిడ్డా ఒకే చేటలో బొరుగులు తినేవాళ్లు. నోరు తెరిస్తే మామ ఇంట్లో ఉండనీడు. తెరవకపోతే ఆ బిడ్డకు దిక్కెవరు? ఒక్క ఉరుకున పోయి మునెమ్మకు అడ్డం నిలబడింది.

"పోవద్దక్కా! సంగటీ లేదు, గింగటీ లేదు. రేణిగుంటలో పుట్టింటికి రెండుసార్లు పోయినప్పుడు మామకు తెలీకుండా మా నాయనా నేనూ వీడికి రెండు సూదులూ ఏయించినాం!"

ఏకాంబరం మీసం వణికింది. గబగబా దిగొచ్చి కోడలి చెవికాడ వంగి గుసగుసలాడినాడు. ఆయన గుసగుస అంటే మూడు వీధులకు దండోరానే.

"అరవబాకమ్మా! జాతరా లేకుండా పండగా లేకుండా రెండుసార్లు నిన్ను పుట్టింటికి బస్సెక్కించి, 'బిడ్డకు సూది ఏయించు బావా' అని మీ నాయనకు ఫోన్ చేసింది ఎవరనుకుంటివి?"