వాగు చూసినంక

"వాగుకు పైదిక్కు వద్దు సాబ్. కిందికెల్లే నడుస్తం." భూమేష్ ఫోన్‌లోని మ్యాపును వేలితో కిందికి లాగేశాడు.

మౌలా సాహెబ్ టీ గ్లాసు టాక్సీ బానెట్ మీద పెట్టి అతణ్ణి ఎగాదిగా చూశాడు. కడప నుంచి వచ్చి రియాద్‌లో టాక్సీ తోలుతూ తల నెరిసినవాడు. ఆయనకు తెలియని దారి లేదు, ఆరా తీయకుండా ఊరుకునే అలవాటూ లేదు.

"యేం బ్బా, పైన ఖర్జూరం తోటలుండాయి, నీడ ఉంటాది. ఆడమనిషి నడిచేదానికి బాగుంటాది. కింద యేముండాది, రెల్లుగడ్డీ దోమలూ తప్ప? పైపక్క నిన్ను గుర్తుపట్టేవాళ్లు యెవరన్నా ఉండారా?"

"ఎవ్వలు లేరు. కిందికే."

"సరే, నీ పెండ్లాం నీ ఇష్టం. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజ్ అయినాక బయల్దేరుదాం. చెప్పులొద్దు, బూట్లేసుకోమను. పాత ఒంటెల బాట అది. ఒకప్పుడు బిడార్లు అల్ ఖర్జ్‌కు పోయిన దారి. చదునుగానే ఉంటాది, చిన్నబిడ్డ కూడా నడుస్తాది."

మౌలా సాహెబ్ వెళ్లిపోయాక కూడా భూమేష్ మ్యాపును వదల్లేదు. ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ మలుపు దాటకుండా వెనక్కి తిరగాలి అని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. పెళ్లిచూపులకు కూడా అతను ఇంత హైరానా పడలేదు.

ఇదంతా సృజన కోసం. పెళ్లయిన ఇన్నేళ్లకు భార్యను విజిట్ వీసా మీద రప్పించుకున్నాడు. ఆమెది ధర్మపురి పక్క పల్లె. వాళ్ల దిక్కు గోదావరిని గోదావరి అనరు, గంగ అంటారు. ఆ గంగ ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల రియాద్‌లో ఒంటి గదిలో పడింది. వచ్చిన కొత్తలో బాగానే ఉంది. తర్వాతే పట్టుకుంది ఒకటే పాట.

"బావా, ఈ దేశంల పారే నీళ్లే లేవా?"

అతను మాల్‌లో ఫౌంటెన్ చూపించాడు. "ఇది ఎగురుతున్నది, పారుతలేదు" అంది. సముద్రానికి తీసుకుపోతానన్నాడు. "సముద్రం యాడికి పారుతది?" అంది. చివరికి ఊరి దక్షిణాన లోయలో ఒక వాగు ఉందని ఒప్పుకోక తప్పలేదు.

ఇంకో వారంలో ఆమె వీసా అయిపోతుంది. పొడిగించవచ్చు. కానీ ఉంటావా అని గట్టిగా అడగడానికి భూమేష్‌కు నోరు రాలేదు. ఇన్నేళ్లూ కంపెనీ క్యాంపులో పదిమంది మధ్య తిన్నాడు, పదిమంది మధ్య పడుకున్నాడు. ఇప్పుడు తలుపు తీయడానికి ఒక మనిషి ఉంది. ఆ మనిషి లేని గదిని తలచుకుంటేనే అతనికి గుండెలో రాయి పడినట్టుండేది. ధైర్యం చేసి ఒకసారి కదిలిస్తే ఆమె అన్న మాట ఒక్కటే.

"వాగు చూసినంక చెప్త."

శుక్రవారం ఎండ చల్లబడ్డాక మౌలా సాహెబ్ వాళ్లను బాట మొదట్లో దింపి, కారులోనే కునుకు తీశాడు. ఒక పక్క గోధుమరంగు కొండ, ఇంకో పక్క రెల్లుగడ్డి, మధ్యలో నిజంగానే నీళ్లు గలగలమని పారుతున్నాయి. సృజన బూట్లు విప్పి చేత పట్టుకుంది. నీళ్లకేసి చూస్తూ మెల్లగా నడిచింది. భూమేష్ ఆమె మొహంకేసి చూస్తూ నడిచాడు.

"ఈ వాగు యాడ పుట్టింది బావా?"

"పైన... గుట్టలల్ల."

"అటే పోదాం పా. వాగుకు ఎదురు నడుస్తెనే మంచిగుంటది."

"అటు రాళ్లుంటయి, కాళ్లకు గుచ్చుకుంటయి. గీడనే కూసుందాం."

ఆమె కూర్చోలేదు. బూట్లు పక్కన పెట్టి, ఒడ్డున వంగి దోసిలి పట్టింది. పారే నీళ్లు కనిపిస్తే నెత్తిన చల్లుకుని దండం పెట్టకుండా కదిలే ఇంటి పిల్ల కాదు. దోసిలి నుదుటి దాకా వచ్చింది. భూమేష్ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు సృజనా!"

"ఏమైంది?"

నీళ్లన్నీ ఇద్దరి మధ్యా ఒలికిపోయాయి. ఇక దాచి లాభం లేదనిపించింది. దేవుడి పేరున ఆమె నెత్తిన అవి పడితే తను బతికినన్నాళ్లూ ఆ పాపం మోయాలి.

"ఇది గంగ కాదు, వాగు కాదు. ఊరి మోరీలల్ల పారే మురికినీళ్లు ఇవి. పైన మా ప్లాంటుల వడగట్టి, మందులేసి వదుల్తం. నీళ్ల కంపెనీల పని అని మీ ఇంట్ల చెప్పిన గని, మోరీ నీళ్లు అని చెప్పలే. చెప్తె పిల్లనియ్యరని భయమైంది. ఇప్పుడు నువ్వు పోతవని భయమైతున్నది." అతను తలెత్తి చూడలేకపోయాడు.

సృజన చెయ్యి విడిపించుకుంది. మళ్లీ వంగి దోసిలి నింపుకుంది. ఈసారి ఆపడానికి అతనికి చెయ్యి లేవలేదు. నెత్తిన చల్లుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టింది.

"నాకు ఎరుకే బావా. వచ్చిన వారానికే ఎరుకైంది. కంపెనీల స్నానం చేసొస్తె ఒంటి వాసన పోతది గని, అంగీలు ఉతికేదానికి ఎరుక కాదా?"

భూమేష్ తలెత్తి చూశాడు. "మరి... దినాం గంగ మీద బెంగతోటి వాగు వాగు అన్నవు గదా?"

ఆమె తడిచేత్తో అతని చెంప తుడిచింది. "వీసా పొడిగియ్యి" అంది ముందు. తర్వాత పైదిక్కుకు చూసి నవ్వింది.

"నువ్వు పారిచ్చే నీళ్లు చూద్దామనే అడిగిన."