పైనొకటి, కిందొకటి

“ఏం తాతా, ఈ వయసులో క్లిప్పులా? పెండ్లిచూపులు యాడ?”

హోసూరులో పళ్ళ డాక్టరు గది బయట, బెంచీ మీద కూర్చున్న సెల్వి అడిగింది.

పక్కనున్న ముసలాయన నోరంతా తెరిచి నవ్వాడు. “తళిలోనేనమ్మా. పిల్లే కుదరలేదు. నువ్వేమన్నా చూసిపెడతావా?”

పై పళ్ళకు లావుపాటి తీగ. కింది పళ్ళకు సన్నటిది.

“పైనొకటి, కిందొకటి! డాక్టరమ్మ దగ్గర కంబి చాలలేదా?”

“అట్లనే అనుకో. నీకు నొప్పి ఎప్పుడమ్మా? సంగటి తినేటప్పుడా, ఊరికే ఉన్నప్పుడా?”

“నీకెందుకు తాతా? నా పళ్ళ కంబి ఈ పొద్దు తీయించేస్తా ఉండాను.”

ఆ మాట వేళాకోళం కాదు. మూకండపల్లి ఫ్యాక్టరీలో నిలబడి చేసే పని. ఈ నొప్పికి గంజి తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు. నిన్న మిషను దగ్గరే కళ్ళు తిరిగాయి. ఎత్తుపళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే బతుకు ఇక ఇంతేననుకుని వచ్చింది.

ముసలాయన ముఖంలో నవ్వు పోయింది. లేచి నేరుగా లోపలికి నడిచాడు.

“ముందొచ్చింది నేను! ఈ పెండ్లికొడుక్కి వరస లేదా?”

కాసేపటికి ఆయన పెదవులు తడుముకుంటూ బయటికి వచ్చి, మెట్లు దిగిపోయాడు.

లోపల డాక్టర్ శోభన సన్నటి తీగ చూపించింది.

“నీ లావుపాటి పాతది తీసేసి ఇది వేస్తాను సెల్వీ. పళ్ళు జరపడంలో రెండూ ఒకటే. ఇది నొప్పి పెట్టదు.”

“ఎట్ల చెప్తారు మేడం?”

“చెప్పేవాళ్ళు చెప్పినారు.”

రెండు రోజులకే సెల్వి కడుపారా సంగటి తినింది. వానలు పట్టేసరికి ఎత్తుపళ్ళు లోపలికి జరిగాయి.

మళ్ళీ వచ్చినప్పుడు నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచేపోయింది.

“ఆ పెండ్లికొడుకు తాత రాలేదా మేడం? మెత్తగా ఉంటుందని పాలకోవా తెచ్చినాను.”

“ఇంక రాడు. ఆ పొద్దే రెండు కంబీలూ తీయించుకున్నాడు.”

“పళ్ళు సరిపోయినాయా?”

“యాడ! సగంలోనే ఉండాయి.”

“మరి సగంలో ఎందుకు తీయించినాడు?”

శోభన చేతిపని ఆపింది.

“తళిలో రోజా తోట ఆయనది. కొత్త మొక్క తన మడిలో బతికితేనే ఇంకొకరికి ఇస్తాడు. నీలాంటి పిల్ల నోట్లో కొత్త కంబి పెట్టే ముందు ఏది నొప్పి పెడుతుందో తెలియాలని, పైనొకటి కిందొకటి నాతో కట్టించుకున్నాడు మా నాయన.”