తొలికాపు

పెద్దాయన సంచిలో రెండు జతల బట్టలే ఉన్నాయి. మిగిలిన చోటంతా ఆమె టమాటాలతో నింపేస్తోంది.

"చాలమ్మా. నేను సంచిని మొయ్యాలో, సంచి నన్ను మొయ్యాలో తెలియకుండా ఉంది."

"మీరు మాట్లాడకండి. ఇది తొలికాపు. ఈ ఇంట్లో తొలికాపు అమ్మరట. ఇంటి మనుషులే తినాలని మా మామగారి నియమం. పరాయివారైనా మీకు పెడుతున్నాను. మీరు లేకపోతే కాపెక్కడిది?"

ఆయన సంచి మూతి ఇంకాస్త తెరిచి పట్టాడు.

మామగారు పోయాక పొలం ఆమెకీ, ఆమె భర్తకీ వచ్చింది. అద్దె గది ఖాళీ చేసి, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చేశారు. ఈ పంట పోతే పొలం అమ్ముకుని మళ్ళీ ఆ గదికే పోవాలి.

భర్త లారీ డ్రైవరు. ఆఖరి ట్రిప్పు వేసి వస్తానని వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే కాలవలో వాళ్ళ నీళ్ళ వంతు వచ్చింది.

వచ్చినప్పటి నుంచీ నీళ్ళు కట్టడం భర్త పనే. ఆమెకి పార పట్టడమే కొత్త. నీళ్ళు చేలోకి మళ్ళేలా కాలవకి అడ్డంగా మట్టి ఎంత పోసి మడవ కట్టినా నిలవలేదు. నీళ్ళన్నీ పక్క బీడులోకి పోతున్నాయి. కాయ ఎర్రబారే వేళకి మొక్కలు తలలు వేలాడేశాయి.

గట్టుమీద నిలబడి చూస్తున్న ఎవరో పెద్దాయన, "ఆ పార ఇటివ్వమ్మా" అన్నాడు.

గడ్డితో సహా ఒక మట్టిపెళ్ళ తవ్వాడు. దాన్ని తిరగేసి, గడ్డి కిందికి వచ్చేలా నీళ్ళలో పెట్టి, ఎడమ మడమతో తొక్కాడు. పైన మట్టి కప్పాడు. అల్లరి మానిన పిల్లల్లా నీళ్ళు చేలోకి నడిచాయి.

"ఎవరింటికి వచ్చారండీ?"

"ఒకరిని ఒకటి అడుగుదామని వచ్చాను. తొందరేం లేదులే."

ఆ రోజు నుంచి ఆయన చేని పక్క పాత మోటారు గదిలో పడుకునేవాడు. తెల్లారేసరికి చేలో ఉండేవాడు. పిల్లలు తాతా, తాతా అంటూ వెంటపడ్డారు.

"తాతేమిట్రా! అంత ముసలాణ్ణా?"

"మరేమని పిలవాలి?"

తువ్వాలుతో మొహం తుడుచుకుని, "తాతే బాగుందిలే" అన్నాడు.

ఒకరోజు కలుపు తీస్తూ ఆమె తన భయం చెప్పుకుంది.

"మాకు బావగారొకరున్నారు. మా ఆయన పాకే వయసులో ఉండగానే ఇల్లు వదిలి వెళ్ళిపోయారట. ఎప్పుడొచ్చి సగం నాదంటారోనని గుండె పీచుపీచుమంటుంది. సగం పోతే మిగిలినదాంతో నలుగురం ఎలా బతుకుతాం?"

"వస్తే ఏం చేస్తావు?"

"పార పుచ్చుకుని గట్టుమీద నిలబడతాను. తర్వాత కడుపునిండా భోజనం పెడతాననుకోండి. ముందు మాత్రం అడుగు పెట్టనివ్వను."

పెద్దాయన పకపకా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"ఈ పొలానికి నీలాంటిదే కావాలమ్మా. భయపడకు. అతను రాడు."

"మీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళు రానివాడు ఇప్పుడెందుకొస్తాడు?"

సంచి మూతి ముడి వేస్తూ ఆమె మళ్ళీ అంది. "రేపు మా ఆయన వచ్చేస్తారు. ఒక్కరోజు ఆగరాదూ?"

"బస్సు వచ్చే వేళయింది."

"అన్నట్టు, ఎవరినో ఏదో అడగాలన్నారు. అడిగారా?"

"అక్కర్లేకపోయింది. చూశాను, చాలు."

సంచిని రెండు చేతులతో అందుకున్నాడు. ఒక పండు పైకి తీసి, చొక్కాకి తుడుచుకుని, చిన్నపిల్లాడిలా కొరుక్కుంటూ వెళ్ళాడు. తన చేతి పంట ఒకరికి పెట్టి పంపగలిగినందుకు ఆమె మనసు ఉప్పొంగింది.

మర్నాడు భర్త వచ్చాడు. ఎర్రగా నిండిన చేనుని అతనికి చూపిస్తుంటే ఆమె కాలు నేలమీద నిలవలేదు.

అతనూ మురిసిపోయాడు. "ఇక లారీ ఎక్కే పని లేదే! మన నలుగుర్నీ ఈ నేలే సాకుతుంది" అన్నాడు.

కాలవ దగ్గర మాత్రం ఆగిపోయాడు. గొంతుక్కూర్చుని మడవ అంచు వేలితో తవ్వాడు. తిరగేసిన గడ్డి కనిపించింది.

"ఇది ఎవరు కట్టారు?"

"చెప్పానుగా, ఆ పెద్దాయనే."

"ఎడమ మడమతో తొక్కాడా?"

"అవును. మీకెలా తెలుసు?"

"ఇలా కట్టేది మా నాన్న ఒక్కడే. కొడుకులకి తప్ప ఎవరికీ నేర్పలేదు."

ఆమె రోడ్డు దాకా పరుగెత్తింది. రోడ్డు ఖాళీగా ఉంది.

చేను చేనంతా వాళ్ళకే మిగిలింది. పిల్లలు దానిమీదే చదువుకున్నారు, తలెత్తుకుని పెద్దవాళ్ళయ్యారు. ఏటా తొలికాపులో ఒక వాటా ఆమె గుమ్మం పక్కన విడిగా పెడుతూనే ఉంది.

ఆనాడు టమాటాల సంచితో బస్సెక్కిన ఆ ఇంటి పెద్దకొడుకు మళ్ళీ రాలేదు.